గుర్తు కింది గీత

బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఇనీక్వాలిటీస్‌ను, అంటే రీజనింగ్‌లో వచ్చే పెద్దది-చిన్నది గుర్తుల ప్రశ్నలను, ఫ్రీ మార్కులంటారు. పజిల్ తేలలేదంటే జాలిపడతారు. సీటింగ్ అరేంజ్‌మెంట్ సగంలో ఆగిపోయిందంటే 'అందరికీ అంతేలే' అని ఓదారుస్తారు. ఇనీక్వాలిటీస్ పోయాయని చెబితే మాత్రం మన మొహంలోకి ఒక రకంగా చూస్తారు. ఐదు ప్రశ్నలు, ఐదు మార్కులు, రెండు నిమిషాలు. ఇవి కూడా తెచ్చుకోలేనిదానివి నంద్యాల దాకా ఎందుకొచ్చినట్టు అని ఆ చూపు అడుగుతుంది. కొన్నేళ్లు ఆ చూపును మోశాను.

ముందు పరీక్ష లెక్క చెప్పాలి, లేకపోతే ఐదు మార్కులకు ఇంత గోలేమిటని అనిపిస్తుంది. నేను రాసిన రోజుల్లో ప్రిలిమ్స్ గంటసేపు ఉండేది. మొత్తం 100 ప్రశ్నలు: ఇంగ్లీషు 30, క్వాంట్ 35, రీజనింగ్ 35. సెక్షన్‌కు 20 నిమిషాలు. టైమైపోగానే స్క్రీన్ దానంతటదే తర్వాతి సెక్షన్‌కు మారిపోతుంది, మళ్లీ వెనక్కి పోవడానికి లేదు. రీజనింగ్‌లో ప్రశ్నకు 34 సెకన్లు వస్తాయి. కానీ ఒక్క పజిల్ సెట్టే నాలుగైదు నిమిషాలు తినేస్తుంది. ఆ నిమిషాలను సిలాజిజం దగ్గరో ఇనీక్వాలిటీస్ దగ్గరో మిగుల్చుకుని తీరాలి. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఐదు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి నొక్కుతూ పోతే సగటున చేతికొచ్చేది సున్నా: ఐదింటిలో ఒకటి తగిలి ఒక మార్కు వస్తే, మిగతా నాలుగూ కలిసి ఆ మార్కును పట్టుకుపోతాయి. మూడు సెక్షన్లలోనూ వేరువేరుగా కటాఫ్ దాటాలి, మొత్తంలోనూ దాటాలి.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. నల్లరేగడి నేల, శనగ పండుతుంది. నాయన నన్ను బీకాం దాకా చదివించి, నంద్యాలలో కోచింగ్‌కు చేర్చాడు. ఆ ఊళ్లో బ్యాంకు కోచింగ్ ఎంత పెద్ద వ్యవహారమో బయటివాళ్లకు చెబితే నమ్మరు. శ్రీకాకుళం నుంచి కూడా వచ్చి హాస్టళ్లలో ఉంటారు. పొద్దున ఏ టిఫిన్ బండి దగ్గర చూసినా ఒక చేత్తో ఉగ్గాణి ప్లేటు, ఇంకో చేత్తో కరెంట్ అఫైర్స్ కాగితాలు పట్టుకున్న పిల్లలే. మా రూములో నలుగురం. అందరిలోకీ పెద్దది ఆత్మకూరు అక్క. ఆమెకు అప్పటికే వయసు దగ్గరపడుతోంది. క్లర్కుకు 28 ఏళ్లు, పీవోకు (ప్రొబేషనరీ ఆఫీసరుకు) 30. ఓబీసీలమైతే ఇంకో మూడేళ్లు. హాస్టల్లో పుట్టినరోజు వస్తే కేకు కోసేవాళ్లు కాదు. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ కోయాలనిపించేది కాదంతే.

క్లాసులో మూడు నాలుగు వందల మంది ఉండేవాళ్లం. సార్ మైకులో చెప్పేవారు. ఇనీక్వాలిటీస్ చాప్టర్ రెండు క్లాసుల్లో అయిపోయింది, నిజానికి అందులో చెప్పడానికి అంతకంటే లేదు కూడా. ఆ తర్వాత రోజూ డ్రిల్లు. బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాసి స్టాప్‌వాచ్ నొక్కేవారు. రెండు నిమిషాలకు విజిలు. పూర్తికానివాళ్లు లేచి నిలబడాలి. మొదటి వారం సగం హాలు నిలబడింది. నెల తిరిగేసరికి పది మందిమి మిగిలాం. ఆ పది మందిలో ఉన్నప్పుడు కాళ్లకంటే మెడ ఎక్కువ నొప్పి పెడుతుంది, ఎటు చూడాలో తెలియక కిందికే చూస్తాం గనక.

నాకు లెక్కలు రావని కాదు. క్వాంట్‌లో మా రూములో నాకే ఎక్కువ వచ్చేవి. ఇక్కడ పేచీ వేరు. పి ≥ క్యూ అని ఇచ్చి, కింద 'పి > క్యూ' అనే తీర్మానం ఇస్తే అది అబద్ధం కాదు, నిజమయ్యే అవకాశం ఉంది. కానీ పరీక్షకు అవకాశాలు అక్కర్లేదు, కచ్చితంగా నిజమైతేనే నిజం. సమానమయ్యే సందు ఒక్కటి మిగిలి ఉన్నా ఆ తీర్మానం చెల్లదు. కూర్చుని ఆలోచిస్తే ఇది పదో తరగతి పిల్లకైనా తెలుస్తుంది. ఆలోచించడానికి కూర్చోనివ్వరు, అంతే.

కోడెడ్ ఇనీక్వాలిటీస్ ఇంకో మెట్టు పైన. గుర్తులు నేరుగా ఇవ్వరు. 'పి @ క్యూ' అంటే పి అనేది క్యూ కంటే చిన్నది కాదు అంటారు. చిన్నది కాదంటే పెద్దదో సమానమో, కాబట్టి ≥. '#' అంటే పెద్దదీ కాదు, సమానమూ కాదు, అంటే <. '$' అంటే చిన్నదీ కాదు, సమానమూ కాదు, అంటే >. '%' అంటే పెద్దది కాదు, అంటే ≤. '&' అంటే పెద్దదీ చిన్నదీ కాదు, అంటే =. ఐదు వాక్యాలూ 'కాదు'తోనే నడుస్తాయి. ఇంకో సెట్టులో ఇవే గుర్తులకు వేరే అర్థాలుంటాయి, కాబట్టి కంఠతా పట్టి లాభం లేదు. రఫ్ షీటు మూలన ఐదు గుర్తులకూ ఐదు అర్థాలు గీసుకోవడానికే ముప్పై సెకన్లు పోతాయి.

ఒకటి చేసి చూపిస్తాను. ఎమ్ @ ఎన్, ఎన్ & ఓ, ఓ $ కె. విప్పితే ఎమ్ ≥ ఎన్ = ఓ > కె. తీర్మానాలు రెండు: కె # ఎమ్, ఎమ్ $ ఓ. మొదటిది కె < ఎమ్. ఎమ్ నుంచి కె దాకా గుర్తులన్నీ ఒకే వైపు తెరుచుకున్నాయి, మధ్యలో గట్టి > ఒకటి ఉంది, కాబట్టి నిజం. రెండోది ఎమ్ > ఓ. వాటి మధ్య ఉన్నవి ≥, = మాత్రమే. సమానం కావచ్చు, కాబట్టి చెల్లదు. జవాబు: మొదటిది మాత్రమే. ఇప్పుడిది రాస్తూ నేను తీసుకున్న టైములో పరీక్షలో మూడు ప్రశ్నలు దాటిపోవాలి.

ఇక 'ఈదర్ ఆర్'. హాస్టల్లో రాత్రిపూట గొడవలయ్యేది దీని మీదే. కె ≥ ఎల్ = ఎమ్ అని ఇచ్చి, తీర్మానాలుగా కె > ఎమ్, కె = ఎమ్ ఇస్తారు. విడిగా చూస్తే రెండూ చెల్లవు. కానీ రెండిటిలో ఒకటి అయి తీరాలి, మూడో దారి లేదు. కాబట్టి జవాబు 'రెండూ కాదు' అని కాదు, 'రెండిట్లో ఏదో ఒకటి'. ఇక్కడి దాకా అందరికీ వస్తుంది. ఎమ్ < టి ≥ కె ఇచ్చి, తీర్మానాలు ఎమ్ < కె, ఎమ్ ≥ కె అంటారు చూడండి, అక్కడ చిక్కు. ఎమ్‌కూ కెకూ సంబంధమే లేదు, గుర్తులు మధ్యలో ఎదురు తిరిగాయి. సంబంధం లేదని తేలగానే చెయ్యి 'రెండూ కాదు' మీదికి పోతుంది. కానీ ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా ఒకటి ఇంకోదానికంటే తక్కువైనా కావాలి, కాకపోనైనా కావాలి. ఇక్కడా జవాబు 'ఏదో ఒకటి'. మనకు వాటి గురించి ఏమీ తెలియకపోయినా ఆ ముక్క మాత్రం తెలుసు. నాకు ఈ రకం ప్రశ్నంటే ఇప్పటికీ ఇష్టం. పరీక్ష హాల్లో ఇష్టపడే తీరిక ఉండదు.

ఒక రాత్రి కరెంటు పోయి, మేడ మీద కూర్చున్నప్పుడు అక్క ఫోనులో వెతికి, ఈ < > గుర్తులు మొదట అచ్చయింది 1631లో అని చదివింది. థామస్ హారియట్ అనే ఇంగ్లీషు గణితవేత్త పుస్తకంలో. అది బయటికొచ్చేసరికి ఆయన పోయి పదేళ్లయింది. తిట్టుకుందామన్నా మనిషి లేడని నవ్వుకున్నాం.

2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ చేయించారు. పెట్టె సర్దుకుని ఊరికొచ్చేశాను. ఇంట్లో సిగ్నల్ రాదు, చేను గట్టు మీద వేపచెట్టు కింద అయితే రెండు గీతలు వస్తాయి. మాక్ టెస్టులు అక్కడే రాసేదాన్ని. ఎండలో ఫోను వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. ఆ చిన్న స్క్రీన్ మీద > కూ ≥ కూ తేడా ఏముంటుంది? వెంట్రుకంత గీత. దాన్ని చూడ్డం కోసం ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుని తెచ్చుకుని, ఆ వేసవి తర్వాత కళ్లజోడు పడింది.

ఆ ఏడు అక్టోబరులో పీవో ప్రిలిమ్స్ పెట్టారు. నాకు కర్నూలు పడింది. పొద్దున్నే నంద్యాల వచ్చి, అక్కడినుంచి పాణ్యం, ఓర్వకల్లు మీదుగా బస్సు. అంతకు ముందు రాత్రే నెలసరి మొదలైంది. మాత్ర వేసుకుని బయల్దేరాను. సెంటరు ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీ. గేటు బయట రోడ్డు పక్కన దూరం దూరంగా ముగ్గులో గడులు గీసి నిలబెట్టారు. గంటన్నరో ఇంకా ఎక్కువో. నీడ లేదు. బాత్రూముకు పోవాలని అడిగితే లోపలికి వెళ్లాక చూసుకోమన్నారు. లోపలికి వెళ్లాక ఇప్పుడు లేవకూడదన్నారు. ఆ రోజు అక్కడున్న ఆడపిల్లల్లో ఇది నా ఒక్కదానికే జరిగి ఉండదు.

మాస్కు, దానిమీద కళ్లజోడు. ఊపిరి వదిలినప్పుడల్లా అద్దాలకు ఆవిరి పట్టేది. ఇంగ్లీషులో పెద్ద ఇబ్బంది లేదు, అక్షరం మసకబారినా పదం ఊహించుకోవచ్చు. క్వాంట్ కూడా నడిచింది. రీజనింగ్ చివర వచ్చింది. ఇనీక్వాలిటీస్ ముందు పూర్తిచేయాలన్నది మా అందరి పద్ధతి. తెరిచాను. గుర్తులు కనబడుతున్నాయి, గుర్తుల కింద గీత ఉందో లేదో కనబడలేదు.

కళ్లజోడు తీస్తే అసలుకే ఏమీ తెలియదు. మాస్కు కిందికి జరిపితే ఇన్విజిలేటర్ 'మాస్క్ మాస్క్' అంటూ వచ్చేవారు. ఊపిరి బిగబట్టి ఒక వరస చదవడం, వదలడం, చున్నీతో తుడుచుకోవడం, మళ్లీ బిగబట్టడం. పొత్తికడుపులో పోటు. పక్క సీటులో మౌసు టకటకమని నడుస్తోంది. ఒక ప్రశ్నలో ఎస్‌కూ టికీ మధ్య ఉన్నది < అనిపించి ఒక జవాబు పెట్టాను, ఆవిరి తగ్గాక చూస్తే ≤ లాగా ఉంది, మార్చాను, మళ్లీ అనుమానం. కుడివైపు పైన టైమరు పరిగెడుతోంది. ఆ ఐదు ప్రశ్నల దగ్గరే ఆరు నిమిషాలు దాటింది. మిగిలిన టైములో ఒక పజిల్ పూర్తయింది, రెండోది సగంలో ఉండగా స్క్రీన్ మారిపోయి, పరీక్ష ముగిసిందని చూపించింది.

రఫ్ షీటు గేటు దగ్గర డబ్బాలో వేసి బయటికొచ్చాను. ముందు బాత్రూము వెతుక్కున్నాను.

తిరుగు బస్సులో అక్క ఫోను చేసి 'ఎన్ని పెట్టినావ్?' అనడిగింది. ఎన్ని ఒప్పు అని ఎవరూ అడగరు, అడిగి లాభం లేదు కాబట్టి. ఈ పరీక్షల్లో ప్రశ్నాపత్రం మన చేతికివ్వరు, కీ బయటపెట్టరు. సాయంత్రానికల్లా కోచింగ్ సెంటర్లు రాసొచ్చిన పిల్లల్ని అడిగి, గుర్తున్నంత వరకు ప్రశ్నలు పోగేసి ఒక పేపరు తయారుచేస్తాయి. పజిల్ అయితే ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారని ఎవరికో ఒకరికి గుర్తుంటుంది. ఇనీక్వాలిటీస్‌లో ఏ అక్షరం పక్కన ఏ గుర్తుందో ఎవరికి గుర్తుంటుంది?

నాయన నెలపాటు రోజూ అడిగాడు.

"ఏమ్మా, వచ్చిందా?"

"ఇంగా రిజల్టు ఇయ్యలేదు నాయనా."

"రాసిందానివి నువ్వే గదా. ఎన్ని కరెక్టో నీకు తెలీదా?"

"తెలీదు నాయనా. పేపరియ్యరు, కీ ఇయ్యరు."

"అదేం పరీక్షమ్మా! యార్డులో శనగలు కాటా ఏసినా చీటీ ఇస్తారే."

రిజల్టు వచ్చింది. మొత్తం మార్కుల్లో కటాఫ్ దాటాను. రీజనింగ్ సెక్షన్‌లో అర మార్కు లోపు తేడాతో పోయింది. ఆ అర మార్కు గురించి ఎంత ఆలోచించానో రాయడం మొదలుపెడితే ఇది ఆగదు. ఆ < కింద గీత ఉందా? ఉంటే నేను మార్చింది ఒప్పు. లేకపోతే మొదట పెట్టింది ఒప్పు, ఒక మార్కు పోవడమే కాకుండా పావు కూడా పోయింది. తెలుసుకునే దారి లేదు. ఏదో ఒకటి అయి ఉంటుంది, అంతవరకే చెప్పగలను. అన్నం తింటున్నా అదే, బావి దగ్గర బట్టలుతుకుతున్నా అదే. ఆ చలికాలంలో ఒక సంబంధం వచ్చి చూసిపోయారు. అబ్బాయి ఏమడిగాడో నాకు ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. నిద్ర పట్టేది కాదు. పిచ్చి పడుతుందేమోనని భయమేసి, కోయిలకుంట్లలో డాక్టరమ్మకు చూపించుకుంటే, రక్తం తక్కువుందని మాత్రలు రాసింది. రక్తం తక్కువున్న మాట కూడా నిజమే.

హాస్టళ్లు మళ్లీ తెరిచాక వెళ్లాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ. అమ్మ వద్దంది. నాయన పోనీ అన్నాడు, ఎవరి దగ్గరో తెచ్చిన డబ్బు చేతిలో పెట్టాడు. ఎంత వడ్డీకి తెచ్చాడో నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఈసారి డ్రిల్లు క్లాసుకు పోలేదు. విజిలు వినబడితే చాలు చేతులు చల్లబడేవి. అక్క రూములోనే చేయించింది. ఆమె పద్ధతి సార్ చెప్పినదానికి తలకిందులు. "ప్రశ్నంతా సదవద్దు. ముందు కిందున్న కన్‌క్లూజన్ సూడు. అందులో రెండు అచ్చరాలుంటాయి గదా, పైన ఆ రెండు యాడున్నాయో పట్టుకో. ఆటి మధ్య ఏముందో అంతే సూడు. ఎదురు గుర్తు కనబడిందా, దారి లేదు, వదిలేయ్. రెండు కన్‌క్లూజన్లూ అవే రెండు అచ్చరాల మీద ఉంటేనే ఈదర్ ఆర్ ఎతుక్కో. లేకుంటే దాని మొహం గూడా సూడొద్దు." ఇంతే. ఆరేడు అక్షరాల గొలుసులో మనకు కావలసింది చాలాసార్లు మూడు నాలుగు గుర్తులే. మిగతాది కళ్లకు శ్రమ. కన్‌క్లూజన్‌లో అక్షరాలు తిప్పి ఇస్తారు, పి > ఎస్ అనకుండా ఎస్ < పి అంటారు. అప్పుడు పెన్ను పెట్టకుండా మనసులోనే తిప్పుకోవడం ఒక్కటి నేర్పింది. ఇంకో మాట కూడా అంది, అది ఏ పుస్తకంలోనూ లేదు: గుర్తు సరిగ్గా కనబడకపోతే ఆ ప్రశ్న నీది కాదు, దాటిపో.

ఆ చివరి మాట పాటించడం మిగతా అన్నిటికంటే కష్టమైంది. ఫ్రీ మార్కును వదిలేయడమంటే చెయ్యి రాదు. అక్క పక్కన కూర్చుని, నేను ఆగిన ప్రతిసారీ చేతిలో పెన్ను లాగేసేది.

ఆ తర్వాత రాసిన వాటిలో గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంటుకు ప్రిలిమ్స్ దాటాను. అది 45 నిమిషాల్లో 80 ప్రశ్నలు, రీజనింగ్ 40, లెక్కలు 40. కావాలంటే ప్రశ్నలు తెలుగులోనూ చూసుకోవచ్చు. ఇనీక్వాలిటీస్‌కు దానితో పనిపడలేదు. మెయిన్స్ కూడా దాటాను, ఆ పోస్టుకు ఇంటర్వ్యూ ఉండదు. అక్కకు ఆ ఏడే వయసు దాటిపోయింది. ఆమె ఇప్పుడు ఆత్మకూరులో ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. నాకు దారి చూపించినామెకు రాలేదేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇనీక్వాలిటీస్ ఆమెకు ఎప్పుడూ పోలేదు, ఇంగ్లీషులో పోయేది.

ఉద్యోగం వచ్చాక కోచింగ్ సెంటరువాళ్లు ఫ్లెక్సీలో నా ఫొటో వేశారు. కొత్త బ్యాచ్‌తో మాట్లాడమని పిలిచారు. వెళ్లాను. అదే హాలు, అదే మైకు. వెనక వరసలో ఒక పిల్ల లేచి, "అక్కా, ఇనీక్వాలిటీస్‌లో నీకు ఎన్ని వచ్చినాయి?" అనడిగింది. నవ్వులు వినబడ్డాయి. ఆ పిల్ల నవ్వలేదు. డ్రిల్లులో నిలబడే పిల్ల అని చూడగానే తెలిసిపోయింది.

స్కోర్‌కార్డులో సెక్షన్ మొత్తమే ఉంటుంది, ఏ టాపిక్‌లో ఎన్ని వచ్చాయో ఉండదని చెప్పాను. ఐదింట్లో నాలుగు పెట్టాను, ఒకటి వదిలేశాను, పెట్టిన నాలుగూ ఒప్పో కాదో నాకు తెలియదన్నాను. సార్‌కు ఆ జవాబు నచ్చినట్టు లేదు. మైకు తీసుకుని, "ఐదుకైదు వచ్చుంటాయిలే," అన్నారు.

ఆ పిల్లను క్లాసు అయ్యాక ఆపి, అక్క ఫోను నంబరు ఇచ్చాను.